ట్రయల్ గడువు అయిపోయి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు: రైతుల బాకీల లెక్క బయటికి తీయడమెలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అనంతపురంలో బోరు మోటార్లు, పైపుల అంగడి. ఎవరో చెబితే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ ట్రయల్ పెట్టుకున్నారు. బాగుందనిపించి ఖాతా పుస్తకం పక్కన పడేసి రైతుల బాకీలన్నీ అందులోకే ఎక్కించారు. ఇప్పుడు గడువు అయిపోయింది. తెరిస్తే డబ్బు కట్టమనే స్క్రీన్ తప్ప ఇంకేమీ రావడం లేదు. డేటా పోయిందా, కంప్యూటర్లో తేదీ వెనక్కి తిప్పితే వస్తుందా, తెలిసినబ్బాయి ఇస్తానన్న క్రాక్ (డబ్బు కట్టకుండానే సాఫ్ట్‌వేర్ నడిచేలా చేసే దొంగ ఫైల్) వేసుకోవచ్చా అని అడిగారు.

సమాధానం ముందే చెబుతా అన్నా. డేటా పోయి ఉండదు. తేదీ తిప్పొద్దు, క్రాక్ వేయొద్దు, అన్‌ఇన్‌స్టాల్ అసలే చేయొద్దు. వేరే దారి దొరక్కపోతే ఒక్క నెల డబ్బు కట్టి, లోపలున్నదంతా ఎక్సెల్‌లోకి తీసుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ ఉంచుకోవాలా వద్దా అనేది తర్వాత తీరిగ్గా ఆలోచించొచ్చు. ఊరికే వస్తుందని పెట్టుకున్నదానికి డబ్బు కట్టాలా అని చాలామందికి మనసొప్పదు. మీ ఖాతాలో ఒక్క రైతు మోటారు బాకీ ఎంతుందో, ఆ నెల ఫీజు ఎంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

నేను కర్నూలులో ఉంటాను. అంగళ్లకు అకౌంట్లు, కంప్యూటర్ పని చూస్తుంటాను. ఇలాంటి ఫోన్లు ఎక్కువగా ఏప్రిల్‌లో, లేదంటే జీఎస్టీ రిటర్న్ గడువుకు ముందురోజు రాత్రి వస్తాయి. ఫోన్ చేసేవాళ్లలో సగం మంది అప్పటికే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసి చూసి ఉంటారు. మీరు ఏమీ కదిలించకముందే అడిగారు కాబట్టి పని సులువు.

శెనక్కాయ బస్తాలు గోడౌన్‌లో పెట్టి బాడుగ కట్టకపోతే ఓనరు తాళం వేస్తాడు, బస్తాలు లోపలే ఉంటాయి. ట్రయల్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ కంపెనీ తాళం వేసిందంతే. అయితే ఆ గోడౌన్ మీ ఇంట్లో ఉందా, వాళ్ల ఊళ్లో ఉందా అన్నదాన్ని బట్టి మీకు ఎంత టైం ఉందో తేలుతుంది. మొదట తెలుసుకోవాల్సింది అదే.

సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటర్లో ఇన్‌స్టాల్ అయి, ఇంటర్నెట్ లేకపోయినా బిల్లు కొట్టగలిగేదైతే డేటా మీ హార్డ్ డిస్క్‌లోనే ఉంటుంది. తొందరేమీ లేదు. క్రోమ్‌లో తెరిచి, మెయిల్, పాస్‌వర్డ్ కొట్టి వాడేదైతే డేటా వాళ్ల సర్వర్‌లో ఉంటుంది. అలాంటివాటిలో గడువు అయ్యాక కొన్నాళ్లు ఉంచి తర్వాత చెరిపేస్తారు. ఎన్నాళ్లన్నది కంపెనీ కంపెనీకి మారుతుంది, మీరు చదవకుండా టిక్ పెట్టిన షరతుల్లో రాసి ఉంటుంది. ట్రయల్ మొదలైనప్పుడు, అయిపోయేముందు మెయిల్స్ వచ్చి ఉంటాయి. స్పామ్ ఫోల్డర్‌లో కూడా వెతకండి, ఆ తేదీ అక్కడ దొరకొచ్చు. ఫోన్ యాప్ అయితే రెండు రకాలూ ఉంటాయి. కొన్ని యాప్‌లు డేటా ఫోన్‌లోనే దాచుకుంటాయి, యాప్ తీసేస్తే అదీ పోతుంది. అందుకే ఎందులోనైనా అన్‌ఇన్‌స్టాల్ వద్దంటున్నాను.

కంప్యూటర్లో ఉండే రకమైతే ముందు కాపీ తీయండి. చాలా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, యాక్సెస్, ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేస్‌లలో పెడతాయి. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ చూడండి. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ డేటా అనే ఫోల్డర్ కూడా చూడండి, అది మామూలుగా కనిపించదు, హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టాలి. డేటా, బ్యాకప్ అనే పేర్లున్న ఫోల్డర్లేవైనా ఉంటే మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోండి. ఫైల్ వాడకంలో ఉంది, కాపీ కాదు అని మొరాయిస్తే విండోస్‌లో సర్వీసెస్ అనేదానిలోకి వెళ్లి ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను ఆపి మళ్లీ ప్రయత్నించండి. ఎండీఎఫ్ అనే ఫైల్ (ఎస్‌క్యూఎల్ డేటా ఉండేది అదే) కనబడితే పక్కనే దాదాపు అదే పేరుతో ఎల్‌డీఎఫ్ ఉంటుంది, రెండూ తీసుకోండి. ఈ కాపీ మీ చేతిలో ఉంటే ఆ తర్వాత ఎవరేం చెడగొట్టినా భయం లేదు.

ఇక్కడ ఒక కేసు చెప్పాలి. కర్నూలులో ఒక మందుల అంగడిలో ఇలాగే ట్రయల్ అయిపోయింది. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు అన్నీ లోపల చిక్కుకున్నాయి. మందుల అంగడికి అది చిన్న విషయం కాదు, షెడ్యూల్ హెచ్1 మందుల (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన కొన్ని మందులు) రిజిస్టర్ 3 ఏళ్లు ఉంచాలి, ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి. సాఫ్ట్‌వేర్ అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. డేటా ఎస్‌క్యూఎల్‌లో ఉంది కాబట్టి ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్లో తగిలించి, స్టాక్, పార్టీలు, బిల్లుల పట్టికలన్నీ ఎక్సెల్‌లోకి తీశాం. కాలేజీలో డేటాబేస్ నేర్చుకున్న కుర్రవాడెవరైనా చేయగల పని అది. అన్నిసార్లూ ఇంత సులువుగా ఉండదు. కొన్ని కంపెనీలు ఆ ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి, బయటివాళ్లు చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. అప్పుడు కంపెనీని అడగడం తప్ప దారి లేదు.

అడగడం గురించి. మనవాళ్లు చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, ఎందుకో తెలియదు. కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి, "మీ సాఫ్ట్‌వేర్ కొనాలా అని చూస్తున్నాను. నా డేటా ఎక్స్‌పోర్ట్ చేసుకోవడానికి ఒక వారం గడువు పెంచండి. గడువు అయ్యాక డేటా ఎన్ని రోజులు ఉంచుతారో కూడా రాతపూర్వకంగా చెప్పండి" అని రాయండి. చాలా కంపెనీలు గడువు పెంచుతాయి, ఎందుకంటే మీరు కొంటారన్న ఆశ వాళ్లకూ ఉంటుంది. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లోనే అడగండి, జవాబు చేతిలో ఉంటుంది. నెలవారీ ప్లాన్ లేదు, ఏడాదికే కట్టాలి అంటే అప్పుడే బేరమాడండి. ఈ రంగంలో బేరాలు నడుస్తాయి.

తెరుచుకున్నాక ఏమేం తీసుకోవాలి? ఒక్క బాకీల లిస్టు తీసుకుని సంబరపడిపోవద్దు. పార్టీవారీ లెడ్జర్లు, బిల్లువారీ అవుట్‌స్టాండింగ్ (ఇంకా రావాల్సిన బాకీ), సేల్స్ రిజిస్టర్, పర్చేజ్ రిజిస్టర్, రసీదులు, రేట్లూ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లతో (సరుకు రకాన్ని చెప్పే జీఎస్టీ నంబర్లు) సహా స్టాక్ లిస్టు, రైతుల పేర్లూ ఊళ్లూ ఫోన్ నంబర్లూ. ఇవన్నీ ఎక్సెల్‌లో ఒకసారి, పీడీఎఫ్‌లో ఒకసారి తీయండి. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడానికి ఎక్సెల్, ఎవరికైనా చూపించడానికి పీడీఎఫ్. అమ్మిన మోటార్ల సీరియల్ నంబర్లు అందులో ఎక్కించి ఉంటే అవి మర్చిపోవద్దు, వారంటీకి వచ్చే రైతు బిల్లు తెస్తాడన్న నమ్మకం లేదు కదా.

తీసిన ఫైల్ తెరిచి చూడండి. ఇది మరీ మరీ చెబుతున్నా. కొన్ని ట్రయల్ వెర్షన్లు స్క్రీన్ మీద కనబడే మొదటి పేజీ వరకే ఎక్స్‌పోర్ట్ చేస్తాయి. కొన్ని రిపోర్టులు తేదీ మార్చకపోతే ఈ నెల వరకే వస్తాయి. మీరు ఫైల్ చేసిన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఒక నెల అమ్మకాల మొత్తం ఎంత ఉందో, ఎక్సెల్‌లో ఆ నెల మొత్తం ఎంత వస్తోందో పోల్చండి. కలిస్తే ఆ నెల అమ్మకాలు పూర్తిగా వచ్చినట్టే.

ఇప్పుడు మీరడిగిన చిట్కాల సంగతి. తేదీ వెనక్కి తిప్పడం పాతకాలపు విద్య. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చివరిసారి ఏ తేదీన తెరిచారో రాసుకుంటాయి, లేదంటే నెట్‌లో చూసుకుంటాయి. తేదీ తప్పుంటే జీఎస్టీ పోర్టల్, బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు, బ్రౌజర్ మీ గడియారం తప్పుందని ఆపేస్తుంది. అదృష్టం బాగుండి తెరుచుకుందనుకోండి, ఆరోజు కొట్టిన బిల్లులు పాత తేదీతో పడి లెక్క చెడిపోతుంది.

క్రాక్ అంతకంటే ప్రమాదం. అది వేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. అంటే వచ్చేదేమిటో చూడకుండా తలుపు మీరే తీసిపెడుతున్నారు. వెంట రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ఇప్పుడు తాళం వెనకున్న డేటా అప్పుడు నిజంగానే పోతుంది. ఇక చట్టం చూస్తే, 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద, అక్రమ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. లాభం కోసమో, వ్యాపారంలోనో వాడని వాళ్లకు కోర్టు సడలింపు ఇవ్వొచ్చు. మీది అంగడి, ఆ సడలింపు మీకు రాదు.

ఇంకో మెయిల్ ఐడీతో మళ్లీ ట్రయల్ తీసుకోవడం కొందరి ఆలోచన. క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే డేటా వాళ్ల సర్వర్‌లో ఉండే రకంలో అలా చేస్తే ఖాళీ ఖాతా వస్తుంది, పాత డేటా అందులోకి రాదు. కొత్త బిల్లులు ఒకచోట, పాత బాకీలు ఇంకోచోట పడి తలనొప్పి రెట్టింపవుతుంది.

ఏ దారీ దొరక్క డేటా నిజంగానే రాకపోతే? రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఒక యూనిట్ వాళ్లకు అలా అయింది. పని లేని కాలంలో క్లౌడ్ ఖాతా వైపే చూడలేదు, మెయిల్స్ చదవలేదు. తిరిగి వచ్చేసరికి కంపెనీ చెరిపేసింది. అప్పుడు ముక్కలు ఏరుకోవడమే. కొనుగోళ్లు జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బి అనే కొనుగోళ్ల పట్టికలో బిల్లువారీగా దొరికాయి. జీఎస్టీ ఉన్న పార్టీలకు అమ్మినవి జీఎస్టీఆర్-1లో దొరికాయి. వచ్చిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది. వాట్సాప్‌లో పంపిన బిల్లుల పీడీఎఫ్‌లు చాలా ఆదుకున్నాయి.

మీకు ఇందులో ఒక చిక్కుంది. మీ కస్టమర్లు రైతులు, వాళ్లకు జీఎస్టీ నంబర్ ఉండదు. మామూలుగా అలాంటి అమ్మకాలు జీఎస్టీఆర్-1లో రేటువారీ మొత్తంగానే వెళ్తాయి, రైతు పేరు ఎక్కడా ఉండదు. మీరు కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకు జీఎస్టీలో ఉన్న సులువు పద్ధతి) ఉంటే ఆ రిటర్నే ఉండదు. కాబట్టి బాకీల లిస్టు పోతే పోర్టల్ నుంచి తిరిగి రాదు. బిల్ బుక్ కార్బన్ కాపీలు, యూపీఐ స్టేట్‌మెంట్, మీ జ్ఞాపకం, అంతే. సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా ఈ సీజన్‌లో పెద్ద బాకీలున్న రైతులు అంగడికి వచ్చినప్పుడు, ఇంత బాకీ ఉంది అని ఒక కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. అరువుకు ఇచ్చిన సరుకు డబ్బుకు కోర్టుకు వెళ్లాలంటే మామూలుగా 3 ఏళ్ల గడువు. ఆ గడువు లోపల పెట్టిన రాతపూర్వక సంతకంతో లెక్క మళ్లీ ఆ రోజు నుంచి మొదలవుతుంది. కంప్యూటర్ ప్రింటు కంటే ఆ కాగితం గట్టిది. మోహమాటపడొద్దు, మంచి రైతులు ఏమీ అనుకోరు.

ట్రయల్ అయిపోయింది, లెక్కలు లేవు అంటే జీఎస్టీ ఆఫీసరు ఒప్పుకోడు. సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల దాకా లెక్కలు దాచిపెట్టాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచొచ్చు, కానీ అడిగినప్పుడు తెరిచి చూపించగలగాలి. నెలనెలా బాడుగ కట్టే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఈ కోణంలో ఒకసారి ఆలోచించాలి: కట్టడం మానేసిన ఆరేళ్లకు కూడా ఆ బిల్లులు నా దగ్గర ఉంటాయా?

టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడగబోతున్నారని ఊహిస్తున్నా, కాబట్టి చెప్పేస్తా. లైసెన్స్ లేని టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో నడుస్తుంది, నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి. నేర్చుకునే పిల్లలకు అది చాలు. అంగళ్లలో కూడా కొందరు నెల బిల్లులన్నీ 1, 2 తేదీల్లో కొట్టేసి నడిపిస్తుంటారు, ఆడిటర్ చూసి తల పట్టుకుంటాడు. అలా చేసినా డేటా పోదు, లైసెన్స్ కొన్నాక అదే డేటా తెరిచి సరిచేసుకోవచ్చు. ఒకేసారి కొన్న లైసెన్స్‌కు టీఎస్‌ఎస్ (అప్‌డేట్లు, ఆన్‌లైన్ సేవల కోసం కట్టే చందా) గడువు అయిపోతే టాలీ ఆగదు, కొత్త అప్‌డేట్లు, కొన్ని ఆన్‌లైన్ సేవలు ఆగుతాయంతే. రెన్యూ చేయకపోతే డేటా పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మొద్దు. బాడుగ లైసెన్స్ అయితే గడువయ్యాక ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతుంది. టాలీవాల్ట్ (డేటాకు వేసుకునే తాళం) పాస్‌వర్డ్ మాత్రం మర్చిపోకండి, దాన్ని టాలీ కంపెనీ వాళ్లు కూడా తెరవలేరు. కొత్త రిలీజ్‌లోకి మార్చిన డేటా పాత రిలీజ్‌లో తెరుచుకోకపోవచ్చు, మార్చేముందు ఒక కాపీ ఉంచుకోండి.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ల విషయంలో టెన్షన్ అక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ ట్రయల్ అయిపోతే ఫైళ్లు తెరిచి చదవొచ్చు, ప్రింటు తీయొచ్చు, మార్చడమే కుదరదు. లిబ్రే ఆఫీస్ ఉచితంగా వేసుకుంటే మార్చనూ వచ్చు.

ఫోటో స్టూడియోల వాళ్లది వేరే బాధ. ఫోటోషాప్ ట్రయల్ 7 రోజులే. ముహూర్తాల సీజన్‌లో ఆల్బమ్ మధ్యలో ఉండగా ఆగిపోతుంది. పీఎస్‌డీ ఫైళ్లు (ఫోటోషాప్‌లో దాచుకున్న ఫైళ్లు) కంప్యూటర్లోనే ఉంటాయి. బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలోనో, జింప్‌లోనో, క్రిటాలోనో చాలావరకు తెరుచుకుంటాయి, కొన్ని ఎఫెక్టులు మారిపోవచ్చు. తెలుగు అక్షరాలు అనూ ఫాంట్లలో ఉంటే ఆ ఫాంట్ కూడా ఆ కంప్యూటర్లో ఉండాలి, లేకపోతే పెళ్లికొడుకు పేరు పిచ్చి గీతలుగా కనబడుతుంది. పీఎస్‌డీతో పాటు ప్రతి పేజీకి టిఫ్ గానీ పీడీఎఫ్ గానీ ఒకటి తీసిపెట్టుకోవడమే దీనికి మందు. ఇంటి ప్లాన్లు గీసేవాళ్లకైతే ఆటోక్యాడ్‌లో గీసిన డీడబ్ల్యూజీ ఫైళ్లు చూడటానికి, ప్రింటు తీయడానికి దాన్ని తయారుచేసే ఆటోడెస్క్ వాళ్లదే ట్రూవ్యూ ఉచితంగా దొరుకుతుంది.

ట్రయల్‌కు కార్డు నంబర్ ఇచ్చి ఉంటే అదీ చూసుకోండి. కొన్ని ట్రయల్స్ గడువయ్యాక ఆగవు, నేరుగా డబ్బు లాగుతాయి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి ఇలా ప్రతిసారీ డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. అందులోనే ఆపుకునే వీలుంటుంది. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని చెరిపేయొద్దు.

ఇకపై ట్రయల్ పెట్టుకుంటే నేను అంగళ్లలో చేయించే పద్ధతి చెబుతా. మొదటిరోజు అసలు లెక్కలు ఎక్కించం. ఉత్తుత్తి బిల్లులు ఒక పది కొట్టి, వాటిని మనంతట మనమే ఎక్సెల్‌లోకి తీయగలమా చూస్తాం. తీయలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత అందంగా ఉన్నా ఆరోజే తీసేస్తాం. "ఎక్స్‌పోర్ట్ కావాలంటే మాకు ఫోన్ చేయండి, మేం తీసిస్తాం" అనేవాళ్లను నేను అసలే నమ్మను. తీయగలిగితే అప్పుడు అసలు బిల్లులు మొదలుపెడతాం, కానీ డబ్బు కట్టేదాకా ఖాతా పుస్తకం కూడా నడుస్తుంది. రోజూ సాయంత్రం అంగడి మూసేముందు అవుట్‌స్టాండింగ్ ఎక్సెల్ ఒకటి తీసి గూగుల్ డ్రైవ్‌లో పడేయడం ఒకరి పని. ట్రయల్ అయిపోయే తేదీ క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి గోడకు తగిలిస్తాం, దానికి మాత్రం కంప్యూటర్‌ను నమ్మం.

డేటా బయటికి వచ్చాక ఏడాది మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్‌కు మారితే బిల్ నంబర్ల విషయం మర్చిపోవద్దు. జీఎస్టీ రూల్ 46 ప్రకారం బిల్ నంబరు వరసగా ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు రెండోసారి రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. కొత్త సాఫ్ట్‌వేర్ మామూలుగా 1 నుంచి మొదలుపెడుతుంది. సెట్టింగ్స్‌లో పాత ఆఖరి నంబరు తర్వాతి నంబరు పెట్టండి, లేదా ముందు ఒక అక్షరం తగిలించి కొత్త సిరీస్ మొదలుపెట్టండి, చట్టం ఒకటికి మించి సిరీస్‌లు ఒప్పుకుంటుంది. ఏది చేసినా ఆ రోజే మీ ఆడిటర్‌కు ఒక మాట చెప్పండి. కొత్తది ఏది కొనాలన్నా ఆయన ఆఫీసులో ఏది తెరుచుకుంటుందో అడిగి అదే కొనండి.